బోర్డు లేని దాణా కొట్టు, మా బుడ్డి పెట్ట

తణుకు చుట్టుపక్కల గుడ్ల ఫారాలకు కొదవ లేదు. దాణా లారీల్లో వస్తుంది, బస్తాల్లో దిగుతుంది. పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకునేవాళ్లకు మాత్రం కిలోల లెక్కన మంచి దాణా దొరకడం కష్టం. యాభై కిలోల బస్తా కొంటే సగం అవకముందే వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. బూజు దాణా కోళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎదిగే పిల్లలకైతే మరీ చేటు. అందుకే ఊరి చివర, బోర్డు కూడా లేని ఈ చిన్న కొట్టు గురించి రాస్తున్నాను.

మావి గ్రామప్రియ పెట్టలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. అన్నీ ఒకేసారి తెచ్చిన పిల్లలే. రెండున్నర నెలలకు మిగతావి తొమ్మిది వందల గ్రాములు తూగుతుంటే బుడ్డిది ఆరు వందల దగ్గరే ఆగిపోయింది. మేత వెయ్యగానే పెద్దవి పొడిచి తరిమేసేవి. అవి తిని వెళ్లాక అడుగున మిగిలిన పొడి ఏరుకునేది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

బలానికి టానిక్ ఇమ్మంటే కొట్టాయన ఇవ్వలేదు. "వయసెంతండీ? రెట్ట ఎలా ఉంది? రెక్కల కింద పేలున్నాయేమో చూశారా?" అని వరసగా అడిగారు. "ముందు రెట్ట పశువుల ఆసుపత్రిలో చూపించండమ్మా. కడుపులో పాములుంటే ఎంత మంచి మేతైనా వాటికే పోతుంది" అన్నారు. చేతికొచ్చిన బేరం వదులుకుని ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు! ఆసుపత్రిలో చూస్తే నిజంగానే ఏలికపాముల గుడ్లు కనబడ్డాయి. బరువును బట్టి అన్నిటికీ నట్టల మందు ఇచ్చారు.

తర్వాత కొట్టాయన ఇచ్చింది స్టార్టర్ దాణా, అంటే చిన్న పిల్లలకు పెట్టేది. మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి, ఎదిగే వయసులో పెట్టే గ్రోయర్ దాణాలో అంతకంటే తక్కువ. వయసు దాటినా వెనకబడిన పిల్లకు కొన్నాళ్లు ఇదే పెట్టమన్నారు. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణా మాత్రం ముట్టనివ్వొద్దన్నారు. గుడ్డు పెంకు కోసం అందులో కాల్షియం చాలా ఎక్కువ వేస్తారు, గుడ్లకు రాని పెట్ట మూత్రపిండాలు అది తట్టుకోలేవు.

అన్నిటికంటే పనికొచ్చింది వల కట్టమన్న సలహా. బుడ్డిదాన్ని వేరే గదిలో పెట్టకుండా, అదే షెడ్డులో ఒక మూల వల కట్టి, పగలు అందులో తినిపించమన్నారు. మిగతావాటికి కళ్లెదురుగానే ఉంటుంది కాబట్టి తిరిగి కలిపినప్పుడు కొత్త కోడి వచ్చిందని మీదపడవు. కలిపాక కూడా మేతపళ్లేలు రెండు, దూరదూరంగా. దాణాతో పాటు నేను ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టాను. మా నాయనమ్మ చేసినట్టు కుండలో పేడా గడ్డీ కూరి, చెదలు ఉన్నచోట బోర్లించి, పట్టిన చెదల్ని వేశాను. వాటికోసం అది వలకు ఎగబడేది!

ఇప్పుడు బుడ్డిది తోటివాటికి ఇంచుమించు దగ్గరగా వచ్చింది. తురాయి ఎర్రబడుతోంది. పొడిచే పెట్టకు ఎదురు నిలబడి పళ్లెం దగ్గర చోటు తీసుకుంటోంది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కొట్టులో లోటు లేకపోలేదు. విడి దాణా కాబట్టి తయారీ తేదీ తెలియదు. బస్తా మీద ఉన్న తేదీ చూపించమని అడగండి, చూపిస్తారు. గుప్పెడు తీసి వాసన చూడండి, ముక్కవాసన వస్తే వద్దనండి, ఆయన ఏమీ అనుకోరు. వానాకాలంలో నేలకు ఆనించిన బస్తాలు కొద్దిగా చెమ్మగా ఉంటాయి, కింద చెక్కలు వేసుకుంటే బాగుంటుంది. బస్తా ధరతో పోలిస్తే కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువే పడుతుంది. నాకైతే అది భారం అనిపించలేదు. ఆదివారం మధ్యాహ్నానికే కట్టేస్తారు, పొద్దున్నే వెళ్లండి. వెళ్లేటప్పుడు కోడి వయసు, బరువు రాసుకుని వెళ్లండి, ఆయన మొదట అడిగేది అవే.