టర్బో మియాటా, టెక్సాస్ ఎండ: ఏడు వేసవుల తర్వాత కూలింగ్ సంగతి

2018 జూన్‌లో క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్ మీద మూడో ల్యాప్ పూర్తికాకముందే నా కారు ఆవిరి కక్కింది. బయట 101 ఫారన్‌హీట్. ఎలాగో పిట్‌లోకి తెచ్చి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత జోలికి పోకుండా గంటసేపు పక్కన నిలబడ్డాను. ఆ ఫొటో చూసి నరసరావుపేట నుంచి నాన్న ఫోన్ చేశారు. "ఏరా, అమెరికా పోయినా బానెట్ ఎత్తుకుని నిలబడటమేనా?" నా చిన్నప్పుడు దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మా అంబాసిడర్‌తో ప్రతిసారీ ఇదే వరస.

కారు 1999 మోడల్ మాజ్దా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. 1.8 లీటర్ల ఇంజన్, కంపెనీ లెక్కలో 140 హార్స్‌పవర్. 2017లో కొని ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే చిన్న గారెట్ టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ అయిన మెగాస్క్విర్ట్ ఈసీయూ వేశాను. టర్బో తోసే 12 పీఎస్ఐ అదనపు ఒత్తిడితో, అంటే బూస్ట్‌తో, చక్రాల దగ్గర 220 హార్స్‌పవర్ వస్తోంది. మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే ట్రాక్ డేలు ఏడాదికి ఎనిమిది, పది. కూలింగ్ మీద ఇప్పటిదాకా ఎంత పెట్టానో ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను. దేనికి పెట్టింది దండగో మాత్రం చెబుతాను.

మొదటి దండగ, పెద్ద రేడియేటర్. పాతదాని ప్లాస్టిక్ ట్యాంకు నలుపు పోయి గోధుమ రంగుకి తిరిగింది, అంటే పగలడానికి సిద్ధంగా ఉందన్నమాట. ఎలాగూ మార్చాలి కదా అని రెండు అంగుళాల మందమున్న అల్యూమినియంది తెప్పించాను. అదనంగా దక్కింది సరిగ్గా రెండు ల్యాప్‌లు. మూడో ల్యాప్‌లో మరిగేది ఐదో ల్యాప్‌లో మరిగింది. పద్నాలుగు నెలలకి వెల్డింగ్ దగ్గర చెమ్మ పట్టడం మొదలైంది కూడా.

ఈ మియాటాల్లో డ్యాష్‌బోర్డ్ మీది టెంపరేచర్ ముల్లుని నమ్మకండి. ఇంజన్ వేడెక్కాక మధ్యకి కాస్త ఎడమన ఆగిపోతుంది. పరిస్థితి చేయి దాటేదాకా అక్కడి నుంచి కదలదు. నేను ఈసీయూ లాగ్, అంటే అది నమోదు చేసే వేడి లెక్కలు, చూసుకుంటాను, అదీ సెల్సియస్‌లో. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడున్నా ఇంజన్ వేడి మాత్రం నాకు ఫారన్‌హీట్‌లో తలకెక్కదు.

అసలు తప్పు రెండు చోట్ల ఉందని తెలియడానికి ఏడాది పట్టింది. ఒకటి గాలి దారి. బంపర్ నోట్లోంచి లోపలికొచ్చిన గాలి రేడియేటర్ రెక్కల్లోంచి దూరాలంటే కష్టపడాలి. పక్కన చెయ్యి పట్టేంత సందుంటే అందులోంచే జారిపోతుంది. నా కారుకి రెండు పక్కలా, పైనా, కిందా సందులే. పైగా ఇంటర్‌కూలర్ ముందు కూర్చుని తన వేడి గాలిని రేడియేటర్ మొహాన కొడుతోంది. ఒక శనివారం అట్టముక్కలతో కొలతలు తీసుకుని, పల్చటి అల్యూమినియం రేకు కత్తిరించి, బంపర్ నోటి నుంచి రేడియేటర్ అంచుల దాకా గూడులా కట్టాను. మిగిలిన సందుల్లో తలుపులకి వేసే స్పాంజి పట్టీ కూరాను. మొత్తం ఖర్చు నలభై డాలర్ల లోపే. తర్వాతి ట్రాక్ డే కూడా అంతే వేడిగా ఉంది. లాగ్‌లో 116 దాకా పోయేది 108 దగ్గర ఆగింది. రేడియేటర్‌కి పోసిన డబ్బు గుర్తొచ్చి కడుపు మండింది.

రెండోది నీళ్ల దారి. ఈ ఇంజన్ పుట్టింది మాజ్దా 323 లాంటి ముందు చక్రాలతో నడిచే కార్ల కోసం. వాటిలో అడ్డంగా కూర్చుంటుంది. ఒక చివర పంపు, రెండో చివర థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే కవాటం. నీళ్లు నాలుగు సిలిండర్ల మీదుగా ఆ చివరి నుంచి ఈ చివరికి పారతాయి. మియాటాలో ఇంజన్‌ని కారు పొడుగు వెంట నిలువుగా తిప్పాక రెండో చివర క్యాబిన్ గోడకి ఆనుకుంది. అందుకని థర్మోస్టాట్‌ని కూడా ముందుకే తెచ్చేశారు. దాంతో నీళ్లు ముందు నుంచే లోపలికెళ్లి ముందు నుంచే బయటికొస్తున్నాయి. వెనక నాలుగో సిలిండర్ వైపుకి హీటర్ గొట్టం లాక్కునే కాసిన్ని నీళ్లే గతి. మామూలు రోడ్డు వాడకానికి ఇది చాలు. టర్బో వేసి ట్రాక్ మీద ఇరవై నిమిషాలు తొక్కితే చాలదు. పొలానికి మొదట్లోనే గండి పడితే చివరి మడి ఎండిపోయినట్టే.

మందు ఏంటంటే థర్మోస్టాట్‌ని హెడ్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) వెనక్కి మార్చి, అక్కడి నుంచి రేడియేటర్‌కి పొడుగాటి హోస్ లాగి, ముందు దారి మూసేయడం. ఇక్కడివాళ్లు దీన్ని రీరూట్ అంటారు. తమాషా ఏంటంటే వెనక బిగించడానికి చాలామంది వాడేది తొలి తరం కియా స్పోర్టేజ్ వాటర్ నెక్, అంటే నీళ్ల హోస్ తగిలించే మూతి. ఆ బండిలో కూడా మాజ్దా నుంచి వచ్చిన ఇంజనే నిలువుగా ఉండేది. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ పెట్టారని నాన్న చెప్పిన ఏడాదే నేను ఈ ముక్క కొన్నాను.

పని చిన్నదేమీ కాదు. హెడ్‌కీ క్యాబిన్ గోడకీ మధ్య నా మణికట్టు కూడా సరిగా పట్టదు. పాత బోల్టు ఒకటి విప్పడానికి మూడు గంటలు పట్టింది. అంతకంటే విసిగించేది గాలి తీయడం. కారు ముక్కు పైకుండేలా ర్యాంపు ఎక్కించి, మూత దగ్గర గరాటు పెట్టి, హీటర్ ఫుల్‌లో ఉంచి, ఇంజన్ ఆన్ చేసి పై హోస్‌ని పిండుతూ కూర్చోవాలి. గుడగుడమని బుడగ వస్తుంది. అయిపోయిందనుకుని మూత పెట్టబోతే ఇంకోటి. ఒకసారి తొందరపడి మూసేశాను. మర్నాడు ట్రాక్ మీద రెండో ల్యాప్‌కే లాగ్‌లో వేడి పైకీ కిందకీ గంతులేసింది. అప్పటి నుంచి నలభై నిమిషాలు అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను.

రీరూట్ తర్వాత 35 డిగ్రీల ఎండలో కూడా సెషన్ మొత్తం 100 దాటలేదు. ఒక్కటే వేసుకోగలిగితే ఇదే వేసుకోండి, కాకపోతే ముందు ఆ రేకు గూడు కట్టాకే.

ఇక బానెట్‌కి కోసిన కంతలు. వేడి గాలి బయటికి పోయే దారి కూడా ఉండాలి కదా. చాలామంది బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తుతారు. ఆగి ఉన్నప్పుడు అక్కడి నుంచి వేడి వస్తుంది నిజమే, కానీ వేగంలో ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. బయటి గాలే లోపలికి తోసుకొస్తుంది. నేను బానెట్ నిండా ఉన్ని పోగులు టేపుతో అతికించి, ఫోన్ బిగించి వీడియో తీశాను. ముందు సగంలో పోగులు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. అద్దం దగ్గర గుంపులో చిక్కుకున్నట్టు అటూ ఇటూ కొట్టుకున్నాయి. అందుకే రేడియేటర్‌కి కాస్త వెనకగా కోశాను. మా ఆవిడ గరాజ్‌లోకి తొంగిచూసి, "బానెట్‌కి కిటికీలు పెట్టారా? కర్టెన్లు కూడా కుట్టమంటారా?" అంది. లాభం మూడు డిగ్రీలు. వానలో స్పార్క్ ప్లగ్‌లకి కరెంటిచ్చే కాయిల్స్ మీద నీళ్లు పడతాయి, అందుకే కింద రేకు తొట్టి బిగించాను. రోడ్డు మీద రోజూ తిప్పే కారైతే ఈ పని వద్దంటాను.

ఆయిల్ కూలర్ విషయంలో వాదన అక్కర్లేదు, టర్బో ఉంటే వేసుకోవాల్సిందే. 140 దాటే ఆయిల్ ఇప్పుడు 118 దగ్గర నిలుస్తోంది. ఆయిల్‌ని కూలర్‌కి మళ్లించే ప్లేట్లలో థర్మోస్టాట్ ఉన్నదే తీసుకోండి, లేకపోతే చలికాలం ఆయిల్ వేడెక్కి చావదు. రేడియేటర్ ముందు మాత్రం పెట్టకండి.

కూలెంట్‌కి బదులు ఉత్త నీళ్లు, అందులో రెడ్ లైన్ వాటర్ వెటర్ పోస్తున్నాను. మామూలు కూలెంట్‌లో గడ్డకట్టకుండా కలిపే గ్లైకాల్ ఉంటుంది, ఉత్త నీళ్లు దానికంటే వేడిని బాగా మోస్తాయి. పైగా గ్లైకాల్ ట్రాక్ మీద పడితే వెనకొచ్చేవాడు జారిపోతాడని రేసుల్లో చాలాచోట్ల ఒప్పుకోరు. దీని శిక్ష 2021 ఫిబ్రవరిలో చూశాను. టెక్సాస్ అంతా గడ్డకట్టి, కరెంటు పోయి, పిల్లలతో ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని పడుకున్న రాత్రి, ఒంటిగంటకి దిగ్గున లేచాను. కారులో ఉన్నవి నీళ్లు! ఇంజన్ బ్లాక్ పగిలిపోతే అంతే సంగతులు. హెడ్‌ల్యాంప్ తలకి కట్టుకుని, ఇడ్లీ పిండి కలిపే బేసిన్ కింద పెట్టి రేడియేటర్ వదిలాను. అల్మారాలో మిగిలిన కూలెంట్ డబ్బా మొత్తం పోసి, గరాజ్ తలుపు ఎత్తి ఇంజన్ కాసేపు తిప్పాను. బేసిన్ విషయం మర్నాడు బయటపడింది, కొత్తది కొనాల్సి వచ్చింది. ఇప్పుడు అక్టోబర్ చివర్లో కూలెంట్ పోసి ఏప్రిల్‌లో తీసేస్తున్నాను.

డ్రైవింగ్‌లో తెలుసుకున్నది కొంత ఉంది. ముందు కారుకి అతుక్కుని వెళితే దాని వేడి గాలి తగిలి నా లాగ్‌లో నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది, అర కారు వెడల్పు పక్కకి జరిగితే తగ్గుతుంది. ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ వెనక స్ట్రెయిట్ చివర్లో 104 చూస్తే తర్వాతి ల్యాప్‌లో ఒక గేరు పైన నడుపుతాను. ఆఖరి ల్యాప్ బూస్ట్ లేకుండా మెల్లగా తిప్పి, పిట్‌లో రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపుతాను. ఫ్యాన్లు నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే.

ఇన్ని చేసినా ఆగస్టులో మధ్యాహ్నం మూడు గంటల సెషన్‌కి మాత్రం ఇప్పటికీ దిగను. ఆ టైమ్‌లో కారు బానెట్ ఎత్తి ఉంటుంది, నేను నీడలో కూర్చుని ఐస్ బాక్స్‌లోంచి తీసిన పెరుగన్నం తింటూ ఉంటాను.