అమ్మతో పిల్లలమర్రికి

అమ్మకు పిల్లలమర్రి అంటే మర్రిచెట్టు కింద దుప్పటి పరుచుకుని పులిహోర తిన్న చోటు. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో పెరిగిన చాలామందికి అంతే. స్కూల్ పిక్నిక్ అక్కడే, చుట్టాలొస్తే చూపించేదీ అదే. చాలా ఏళ్ల తర్వాత మొన్న చలికాలంలో ఆమెను తీసుకెళ్లాను.

హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వంద కిలోమీటర్లు. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి జడ్చర్ల మీదుగా బస్సులున్నాయి, కాచిగూడ నుంచి రైలూ ఉంది. ఊళ్లో దిగి ఆటో ఎక్కితే నాలుగైదు కిలోమీటర్లు. ముందు రోజు రాత్రే వచ్చి ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్లు వస్తాయన్నారు, రాలేదు. తెల్లవార్లూ హారన్ల మోత. పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి వెళ్లేలా పెట్టుకోండి, అదే నయం.

దూరం నుంచి అది తోపులా కనిపిస్తుంది. ఒకటే చెట్టంటే నమ్మబుద్ధి కాదు. ఏడు వందల ఏళ్ల నాటిదంటారు, మూడెకరాల దాకా పరుచుకుంది. ఊడలు దిగి మాన్లయి, వాటి కొమ్మల నుంచి మళ్లీ ఊడలు దిగి, తల్లి మొదలేదో తెలియదు. ఆ పేరు దానికే తగింది. కొమ్మల నీడలోనే ఒక దర్గా ఉంది.

2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు లోపల్నుంచి తినేశాయి. జనాన్ని రానివ్వడం ఆపేశారు. మందు మానులోకి ఎక్కిస్తే బయటికి కారిపోయిందట. అందుకని 2018లో వందల సెలైన్ సీసాలు కట్టి, చెదల మందును చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు నిలబెట్టారు, లేత ఊడలను గొట్టాల్లోంచి నేలకు దింపారు. మనిషికి చేసినట్టే చేశారు.

ఇప్పుడు కంచె ఇవతల నుంచే చూడాలి. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆ కంచె ఉండాలనే అనిపించింది. మా చిన్నప్పుడు ఊడలు పట్టుకుని ఊగాం, మానుల మీద పేర్లు చెక్కినవాళ్లనూ చూశాం. ఆ బరువంతా అదే మోసింది.

పక్కనే మ్యూజియం ఉంది, పాత రాతి శిల్పాలున్నాయి, ఒక గంట పెట్టుకోండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టిన గుడి కూడా అక్కడే. పిల్లలుంటే జింకల దగ్గరికి తీసుకెళ్లండి.

వచ్చేముందు అమ్మ కంచె పట్టుకుని ఒక మొదలు చూపించింది. "అగో, అక్కడ్నే కూసున్నం మీ నాయన, నేను" అంది. దాని పక్కనే గొట్టంలోంచి కొత్త ఊడ ఒకటి నేల తాకింది.