ఆరేళ్ళ ఇనుప మూకుడు, పది నిమిషాల పెద్దకూర నూడుల్స్

దీన్ని 2019 వేసవిలో బేగం బజారులో కొన్నాను. గుండ్రటి అడుగున్న వాక్, అంటే చైనా వంటల మూకుడు, కార్బన్ స్టీల్‌ది (కొద్దిగా కార్బన్ కలిసిన ఇనుము), 14 అంగుళాల వెడల్పు, ఒకవైపు పొడవైన చెక్క పిడి. ధర 900 రూపాయలు. అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం రాత్రి ఇందులో వండేది ఒక్కటే: పెద్దకూర (బీఫ్), కూరగాయలు వేసి వేయించిన నూడుల్స్. లెక్కేస్తే మూడు వందల సార్లు దాటి ఉంటుంది. మొదటి ఏడాదే రాసి ఉంటే ఈ సమీక్ష నిండా తిట్లే ఉండేవి. తిట్లు మూకుడికి, తప్పులు నావి.

అంతకుముందు ఇంట్లో ఉన్నది నాన్‌స్టిక్ పెనం. మా వీధి చివర బండి మీద నూడుల్స్ పొడిపొడిగా, కాస్త మాడిన వాసనతో వస్తాయి. నా పెనంలో ఎప్పుడు చేసినా ఉప్మాలా ముద్ద అయ్యేవి. మంట పెంచుదామంటే నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీల పైన దెబ్బతినడం మొదలవుతుంది, ఖాళీ పెనాన్ని వేడి చేయవద్దని పెట్టె మీదే రాసి ఉంటుంది. ఈ వంటకు కావలసిందేమో ఖాళీ మూకుడును పొగ వచ్చేదాకా కాల్చడం. అలా ఇనుము వైపు వచ్చాను.

దుకాణదారు "కడిగి వాడుకోవడమే" అన్నాడు. నిజానికి కొత్త మూకుడికి తుప్పు పట్టకుండా పూసిన జిడ్డుపూత ఉంటుంది. అది సబ్బుతో ఒకసారి కడిగితే పోయేది కాదు. నేను వెంటనే వండితే మొదటి రోజు నూడుల్స్‌కు యంత్రాల నూనె వాసన కొట్టింది. మరునాడు వేడినీళ్ళు, సబ్బు, స్టీలు పీచుతో మూడుసార్లు తోమాను. ఆరబెట్టి పొయ్యి మీద పెట్టి తిప్పుతూ కాల్చాను. బూడిద రంగు ఇనుము ముందు పసుపుగా, తర్వాత నెమలికంఠం రంగుకు తిరుగుతుంది. ఆ దశలో కొద్దిగా నూనె పూసి, పూసిందంతా తుడిచేసి, మళ్ళీ కాల్చాలి. ఇలా నాలుగైదు సార్లు. నూనె ఎక్కువ పూస్తే నల్లటి పొర కాకుండా జిగురు పట్టుకుంటుంది, అదీ అనుభవమే. ఆ సాయంత్రం ఇల్లంతా పొగ. కిటికీలన్నీ తెరిచే మొదలుపెట్టండి.

ఇక మాంసం సంగతి. అసలు సమీక్ష ఇదే అనుకోండి, ఎందుకంటే మూకుడు ఎంత మంచిదైనా మాంసం దగ్గర తప్పు చేస్తే చెప్పుతోలు నమలాల్సిందే. గుంటూరు జిల్లాలో మా ఇంట పెద్దకూర అంటే ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి కట్టెల పొయ్యి మీద ఇంకా ఉడుకుతూ ఉండేది. కుక్కర్ వచ్చాక కూడా ఆరేడు కూతలు పడేవి. మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి తీగ మీద ఆరేస్తే తునకలు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి తొంభై సెకన్లలో మాంసం ఉడుకుతుందంటే నమ్మకం కుదరదు. మా అమ్మకు ఇప్పటికీ కుదరలేదు. "ఉడికిందో లేదో ఒక ముక్క నొక్కి చూడరా" అంటుంది ప్రతిసారీ.

మనకు ఇక్కడ దొరికేది గేదె మాంసం. ఆవుల వధను నిషేధించిన 1977 నాటి చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది కాబట్టి కొట్టులో బీఫ్ అని అడిగినా ఇచ్చేది గేదెదే. ధర మటన్‌లో సగం కూడా ఉండదు. కొవ్వు తక్కువ, పోగులు ముతక. అమెరికా వాళ్ళు చెప్పే కొలతలు పట్టుకుని వండితే రబ్బరవుతుంది. అందుకే కొట్టువాడిని అండర్‌కట్ అడగాలి. వెన్నుకు లోపలివైపు ఉండే సన్నటి మెత్తటి భాగం అది. జంతువుకు ఉండేదే కొంచెం, పొద్దున్నే వెళ్ళకపోతే దొరకదు. దొరకని రోజు తొడ మాంసం తీసుకుంటాను, కాస్త ఎక్కువ పని పెట్టుకుంటాను.

ఆ పని ఏమిటంటే, ముక్కను ఫ్రీజర్‌లో నలభై నిమిషాలు పెట్టడం. పూర్తిగా గడ్డ కట్టకూడదు, కత్తి కింద కదలకుండా బిగుసుకుంటే చాలు. అప్పుడు పోగులు ఎటు వెళుతున్నాయో చూసి వాటికి అడ్డంగా, రూపాయి బిళ్ళ మందాన కోయాలి. పోగుల వెంట కోస్తే ఎంత వేయించినా సాగుతుంది. మొదటి ఏడాది నేను చేసింది సరిగ్గా ఇదే, మూకుడును తిట్టింది కూడా అప్పుడే. పావు కిలోకు పావు చెంచా వంట సోడా కలిపి ఇరవై నిమిషాలు ఉంచి, బాగా కడిగి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. సోడా క్షారం వల్ల మాంసం పైపొరలోని ప్రోటీన్లు వేడికి బిగుసుకుపోవు. కడగడం మరిచిపోతే సబ్బు రుచి. తర్వాత చెంచా సోయాసాస్, చెంచా మొక్కజొన్న పిండి, చెంచా నూనె, మిరియాల పొడి. పచ్చి బొప్పాయి కూడా పెట్టి చూశాను. పది నిమిషాలు ఎక్కువైతే ముక్క పిండిపిండి అయిపోతుంది. కబాబుకు అది మంచిది, దీనికి కాదు.

ఇప్పుడు మంట. హోటళ్ళలో వాక్ కింద ఉండే బర్నరు మన ఇంటి బర్నరు కంటే ఎన్నో రెట్లు బలమైనది. ఆ మంట మీద ఎగరేసినప్పుడు వచ్చే వాసనను కాంటనీస్ వాళ్ళు వాక్ హే అంటారు, మూకుడు ఊపిరి అని అర్థం. అది ఇంట్లో పూర్తిగా రాదు. కానీ దగ్గరికి వెళ్ళవచ్చు. దానికి తెలియాల్సింది ఒకే విషయం: నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర, మాంసం ఎర్రబడి కమ్మటి వాసన ఇచ్చేది 140 దాటాకే. ఆ రంగు మార్పుకు పేరు మెయిలార్డ్ చర్య, ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ 1912లో వివరించాడు. మూకుడులో తడి ఉన్నంతసేపూ వేడి 100 దగ్గరే ఆగిపోతుంది, మాంసం వేగదు, ఉడుకుతుంది. అర కిలో ఒకేసారి గుమ్మరిస్తే అయ్యేది అదే: బూడిద రంగు ముక్కలు, కింద గుక్కెడు రసం.

కాబట్టి పావు కిలో మాంసమైనా రెండు విడతలుగా వేస్తాను. మూకుడు సన్నగా పొగ వచ్చేదాకా కాల్చి, రెండు చెంచాల వేరుశనగ నూనె పోసి, ముక్కలు పరచి, ముప్పై సెకన్లు కదపకుండా వదిలేస్తాను. చెయ్యి ఊరుకోదు, కదపాలనిపిస్తుంది. కదపకూడదు. ఒకవైపు ఎర్రబడ్డాక ఒక నిమిషం తిప్పి పళ్ళెంలోకి తీసేయడమే. మళ్ళీ మూకుడు కాగనిచ్చి రెండో విడత.

కూరగాయల దగ్గర చెప్పేది తక్కువ. క్యారెట్, బీన్స్ ముందు, క్యాబేజీ, క్యాప్సికమ్ తర్వాత, ఉల్లికాడలు చివర. కడిగినవి పూర్తిగా ఆరాలి. ఉప్పు ముందే వేస్తే క్యాబేజీ నీళ్ళు వదిలి పడిన శ్రమంతా వృథా. వెల్లుల్లి మాత్రం ధారాళంగా వేయండి. గరం మసాలా వేసేవాళ్ళను చూశాను, వాళ్ళ ఇష్టం.

నూడుల్స్‌ను పొట్లం మీద చెప్పిన సమయం కంటే నిమిషం ముందే దించి, చన్నీళ్ళతో కడిగి, చెంచా నూనె కలిపి వెడల్పు పళ్ళెంలో ఆరబెడతాను. పొద్దున ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టినవైతే ఇంకా మేలు. కూరగాయల్లో నూడుల్స్ వేసి ఒక నిమిషం, మాంసం తిరిగి వేసి సోయాసాస్‌ను మూకుడు అంచు వెంట పోసి మరో నిమిషం. అంచుకు తగలగానే అది చుయ్యిమని కాలి, బండి దగ్గరి వాసన కొంత వస్తుంది. దించాక నువ్వుల నూనె నాలుగు చుక్కలు. అది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె. మన పప్పునూనె, అంటే వేయించని నువ్వుల నూనె, వేస్తే ఆ వాసన రాదు, పచ్చడి గుర్తొస్తుంది.

పొయ్యి మీద పట్టేది మొత్తం పది నిమిషాలు. దీన్నే త్వరగా అయ్యే వంట అంటారు. తరగడం, నానబెట్టడం, ఆరబెట్టడం కలిపితే గంట పైనే, ఫ్రీజర్ సమయం కాక. ఆఫీసు నుంచి ఆకలితో వచ్చి మొదలుపెట్టే పని కాదు. శనివారమే మాంసం కోసి పెట్టుకోవడం అలవాటయ్యాకే నాకు ఇది నిజంగా పది నిమిషాల వంట అయింది.

మూకుడు లోపాలకు వస్తే, పెద్దది పిడి. రెండో ఏట మరలు వదులై ఒకసారి నూడుల్స్‌తో సహా పక్కకు ఒరిగింది. ఇప్పుడు నెలకోసారి బిగిస్తున్నాను. చెక్క ఒకవైపు మాడింది కూడా. వానాకాలంలో ఒక్క రాత్రి తడిగా వదిలినా పొద్దుటికి తుప్పు మరకలు. కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె చుక్క రుద్దాల్సిందే. నల్లపూత అయితే నాలుగో ఏట గాజులా తయారైంది, గుడ్డు వేస్తే జారిపోయేది.

అప్పుడే మా అమ్మ వచ్చి, ఇంట్లో ఇంత పెద్ద మూకుడు ఊరికే ఉందేమిటని అందులో చేపల పులుసు పెట్టింది. చింతపండు పులుపుకు నాలుగేళ్ళ పూత ఒక్క పూటలో ఊడి పులుసులో కలిసింది. పులుసు ఇంకు రంగు. అమ్మ రుచి చూసి, "నీ మూకుడు మంచిది కాదురా" అని తేల్చేసింది. మళ్ళీ తోమడం, కాల్చడం, పొగ. అయినా పట్టుమని పది వంటలకు మునుపటి నలుపు తిరిగి వచ్చింది. నాన్‌స్టిక్ పూత ఒకసారి పోతే పెనం చెత్తబుట్టకే. దీనికి ఆ బెంగ లేదు.

పోయిన సంక్రాంతికి ఇలాంటిదే ఇంకొకటి కొని విజయవాడలో మా చెల్లెలికి ఇచ్చాను. వాళ్ళు ఇండక్షన్ పొయ్యికి మారారన్న సంగతి నేను మరిచాను. గుండ్రటి అడుగు దాని మీద ఉయ్యాలలా ఊగుతుంది తప్ప వేడెక్కదు. మామూలు గ్యాస్ పొయ్యి మీదైతే కమ్మీల మధ్య చక్కగా కూర్చునేది. ఇప్పుడది వాళ్ళ పెరట్లో పాత గ్యాస్ పొయ్యి మీద ఉంది. నూడుల్స్ మాట ఎవరూ ఎత్తడం లేదు, పునుగులు మాత్రం బాగా వేగుతున్నాయట.