క్యాన్ నీళ్లు మానేసి నల్లా నీళ్లకు మారాక

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరిన్ నీళ్లు ఏం చేస్తాయో మా ఇంట్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మా అత్తమ్మకు నడుం వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. వెనక్కి చూడాలంటే మనిషంతా తిరగాల్సిందే. మా ఆయనవి గార పళ్లు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి తాగింది బోరు నీళ్లే.

అందుకే మొన్నటి దాకా ఊళ్లోని ఒక ఫిల్టర్ ప్లాంటు నుంచి క్యాన్ తెప్పించుకున్నాం. నీళ్లు తియ్యగా ఉంటాయి, పొద్దున్నే గడప దగ్గరికి తెచ్చిస్తారు. ఎప్పుడడిగినా టీడీఎస్ మీటరు ముంచి చూపిస్తారు. కానీ ఆ మీటరు నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంకె చెబుతుందంతే, అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పాపకు నాలుగేళ్లు. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు ఇప్పటి నుంచే చిగుళ్ల లోపల తయారవుతుంటాయని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. మూడు సీసాలు నింపి నల్గొండలో పరీక్ష చేయించాను. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా తాగొచ్చు. మా బోరుది 3.6 వచ్చింది. క్యాన్‌ది 1.7. నల్లాది 0.5. క్యాన్ అంకె చూసి చాలా బాధేసింది. ఫిల్టర్‌లో నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) పాతబడినా, రుచి కోసం బోరు నీళ్లు కలిపినా అలా పెరుగుతుందట. అడిగితే ప్లాంటు వాళ్లు సరైన జవాబు ఇవ్వలేదు.

మా నల్లాకు వచ్చేది మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు. మొదట్లో క్లోరిన్ వాసనకు పాప మొహం తిప్పుకునేది. బిందెలో పట్టి, పైన పల్చటి బట్ట కట్టి రాత్రంతా ఉంచితే పొద్దునకు ఆ వాసన పోతుంది. అసలు క్లోరిన్ లేకపోతేనే భయపడాలి. తాగే నీళ్లు మాత్రం నేరుగా నల్లా దగ్గరే పడతాను, మిద్దె మీద ట్యాంకువి వాడను. మా ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు.

ఇంకో తప్పు కూడా చేశాం. తాగడానికి క్యాన్ నీళ్లు, వంటకు బోరు నీళ్లు. అన్నంలో, పప్పులో, చాయ్‌లో అదే ఫ్లోరైడ్ రోజూ లోపలికి పోతూనే ఉంది. కాచినా అది పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇప్పుడు వంటకూ నల్లా నీళ్లే. బోరు నీళ్లలో ఆరు విజిల్స్‌కూ ఉడకని కందిపప్పు, ఇప్పుడు మూడింటికే మెత్తబడుతోంది.

అత్తమ్మ నడుము ఇక నిటారు కాదు, అది మా అందరికీ తెలుసు. అయినా రోజూ పాప గ్లాసు నింపేది ఆమే. ఏ బిందెలోవని అడిగి మరీ నింపుతుంది.

క్యాన్ తెప్పించుకునే వాళ్లు మీటరు చూసి ఊరుకోకండి, ఫ్లోరైడ్ పరీక్ష కాగితం అడగండి. నేను వచ్చే వేసవిలో మూడు సీసాలూ మళ్లీ తీసుకెళ్తున్నాను.