పాయింట్ టూటూ మ్యాచ్ రైఫిల్‌కు కొత్త బ్యారెల్ వేయించిన: బ్యారెల్ కంటే చాంబర్ గురించే ఎక్కువ చెప్పాలె

నల్గొండ ఎన్‌జీ కాలేజీల ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఉన్నప్పుడు మొదటిసారి పాయింట్ టూటూ (0.22 అంగుళాల గొట్టం) రైఫిల్ పట్టిన, ఆ పిచ్చి ఇప్పటిదాకా పోలే. ఇప్పుడు నెలకు మూడుసార్లన్న నార్కట్‌పల్లి మీదికెళ్లి హైదరాబాద్ పోయి హెచ్‌సీయూ దగ్గరున్న రేంజ్‌ల 50 మీటర్ల ప్రోన్, అంటే పండుకొని కొట్టేది, ప్రాక్టీస్ చేస్త. నా రైఫిల్ పాత ఆన్‌షుట్జ్, 54 మ్యాచ్ యాక్షన్ (బ్యారెల్ వెనుక బోల్ట్ ఉండే భాగం) ఉన్నది, ఒక సీనియర్ సార్ దగ్గర సెకండ్ హ్యాండ్‌ల తీస్కొని లైసెన్సుల ఎక్కించుకున్న. పోయిన యేడు దానికి బ్యారెల్ మార్పిచ్చిన. మన దిక్కు ఈ పని గురించి తెలుగుల చెప్పేటోళ్లు నాకు ఒక్కరు దొరకలే, నేను పడ్డ తిప్పలు ఇంకొకరు పడొద్దని ఇంత పొడుగు రాస్తున్న.

ముందు సమస్య ఏందో చెప్త. 654 కు (60 తూటాలు, ఒక్కోదానికి ఎక్కువల ఎక్కువ 10.9) 612 దగ్గర వచ్చే నా స్కోరు ఆరు నెలల్ల మెల్లమెల్లగ 603కు దిగింది. మొదట నన్ను నేనే అనుమానించుకున్న, స్లింగ్ మార్చిన, బట్‌ప్లేట్ జరిపిన, కండ్ల డాక్టర్ దగ్గరికి గూడ పోయిన. ఆడలేక మద్దెల ఓడు అంటరేమో అని రైఫిల్ మీద మాట ఎత్తనీకె భయమైంది. చివరికి కోచ్ సారే "నువ్వు పక్కకు జరుగురా, రైఫిల్‌ను రెస్ట్ మీద పెట్టి చూద్దాం" అన్నడు. పది తూటాలు కొడితే గ్రూపు, అంటే అన్ని రంధ్రాల గుంపు, బయటి అంచు నుంచి బయటి అంచుకు 30 మిల్లీమీటర్లు వచ్చింది. లెక్క చూడుండ్రి, 50 మీటర్ల టార్గెట్ మీద పది రింగు 10.4 మిల్లీమీటర్లు, తూటా 5.6, రింగును తాకితే చాలు పది ఇస్తరు, అంటే గ్రూపు బయటి కొలత 21.6 లోపల ఉండి మధ్యల పడితేనే అన్నీ పదులు. 30 కొట్టే రైఫిల్‌తోని మనిషి ఎంత బాగ కొట్టినా తొమ్మిదులు రాక తప్పవు. ఆ రోజు నాకు బాధ కంటే నిమ్మళమే ఎక్కువైంది, నిజంగ.

తరువాత బోర్‌స్కోప్ పెట్టి లోపల చూసినం. బోర్ అంటే మా నల్గొండోళ్లకు బోరు బావే గుర్తొస్తది, ఇక్కడ బోర్ అంటే గొట్టం లోపలి దారి. పాయింట్ టూటూ బ్యారెల్ సెంటర్‌ఫైర్ రైఫిల్ లెక్క వేడికి, ప్రెషర్‌కు తొందరగ కాలిపోదు, సీసం తూటా మెత్తగ ఉంటది, స్పీడు గూడ సెకనుకు 330 మీటర్ల లోపే, వేల మీద వేలు కొట్టొచ్చు. కాని రిమ్ (తూటా అడుగు అంచు) లోపలుండే, పిన్ గుద్దితే ముందుగ అంటుకునే ప్రైమర్ మందుల సన్నటి గాజు పొడి కలుపుతరు, అది కాలిన తరువాత మసితోని కలిసి చాంబర్ (బ్యారెల్ వెనుక తూటా కూసునే గది) ముందర, అడుగు దిక్కు, గడియారంల ఆరు దిక్కున పేరుకుంటది. ప్రతి తూటా దాని మీద రుద్దుకుంట పోతది, గరుకు కాయితం పెట్టి గీకినట్టే. నా దాంట్ల సరిగ్గ ఆడనే రైఫ్లింగ్ (తూటాను తిప్పే లోపలి గాడులు) మొదలయ్యే అంచు గుండ్రంగ అరిగిపోయింది. ఇంకోటి, చాంబర్ నోటి అంచు మీద ఫైరింగ్ పిన్ గుద్దిన చిన్న గుంట. నా కంటే ముందటోళ్లు ఎవరో ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కి నొక్కి చేసిన పని అది. ఆ గుంట దగ్గర లోహం లోపలికి ఉబ్బి, తూటా లోపలికి పోయేటప్పుడు సీసాన్ని ఒక పక్క గీకుతుండె.

ఇక్కడనే నేను తప్పు చేసిన. కొత్త బ్యారెల్‌కు పైసలు, టైం రెండూ పడతయని, పాత బ్యారెల్‌నే వెనుక దిక్కు కొంచెం కోసి కొత్తగ చాంబర్ తీపిద్దాం అనుకున్న. దీన్ని సెట్‌బ్యాక్ అంటరు, మంచిగ చేస్తే మంచి పనే, ముందర రైఫ్లింగ్ బాగుంటే సగం ఖర్చుల అయిపోతది. కాని నేను ఇచ్చిన చోట (పేరు రాయను, లైసెన్స్ ఉన్న షాపే) షాట్‌గన్లు రిపేర్ చేసే చేయి అది, మ్యాచ్ చాంబర్ తీసిన చేయి కాదు. తెచ్చుకున్నంక కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. హెడ్‌స్పేస్ ఎక్కువ ఉంచిండ్రు. రిమ్‌ఫైర్‌ల హెడ్‌స్పేస్ అంటే తూటా రిమ్ కూసునే జాగ లోతు, 1.1 మిల్లీమీటర్ దగ్గర ఉండాలె, మ్యాచ్ రైఫిళ్లల్ల ఇంకొంచెం తక్కువ గూడ పెడతరు. ఎక్కువుంటే ఫైరింగ్ పిన్ గుద్దినప్పుడు తూటా ముందు జరిగి, ఆ దెబ్బల కొంత బలం ఆ జరుగుట్లనే పోతది, మందు ఒక్కోసారి ఒక్కో తీరు అంటుకుంటది. టార్గెట్ మీద అది నిలువు గీత లెక్క కనిపిస్తది, ఒకటి పైన, ఒకటి కింద. నాకైతే యాభైల ఒకటి రెండు పేలకనే పోయినయ్. బోల్ట్ మూసేటప్పుడు చేతికి ఏం తగలకుంట వదులుగ పడిపోతుంటె నాకు అప్పుడే అర్థం కావాల్సిండె.

సరే, ఇగ కొత్తదే అని నిర్ణయమైంది. ఈసారి తొందరపడలే. నాలుగు నెలలు అడిగిన, చదివిన, రేంజ్‌ల ఎవరి బ్యారెల్ ఏందో కనుక్కున్న.

కంపెనీల సంగతి: అమెరికాల లిల్జా, షైలెన్, క్రీగర్ లాంటోళ్లున్నరు, షైలెన్ వాళ్ల రాచెట్ రైఫ్లింగ్‌ల గాడుల మధ్య గట్టుకు ఒక దిక్కు ఏటవాలుగ ఉంటది. జర్మనీల లోథార్ వాల్టర్ ఉన్నది, 1925 నుంచి బ్యారెళ్లే చేస్తున్న ఇల్లు అది. వీళ్లల్ల కొందరు బటన్ (గాడుల అచ్చున్న గట్టి ముక్క) లాగి రైఫ్లింగ్ చేస్తరు, కొందరు ఒక్కో గాడి కోసి చేస్తరు, దేంతోనైనా మ్యాచ్‌లు గెల్చినోళ్లున్నరు కాబట్టి ఆ కొట్లాటల నేను దిగను. ట్విస్ట్, అంటే గాడులు చుట్టు తిరిగే లెక్క, అందరిదీ 16 అంగుళాలకు ఒక చుట్టు దగ్గరనే ఉంటది, 40 గ్రెయిన్ల తూటాకు అదే సరిపోతది, దాని మీద బుర్ర పాడు చేసుకోకుండ్రి. నేను తీస్కున్నది లోథార్ వాల్టర్ బ్లాంక్, అంటే ఇంకా చాంబర్ తియ్యని గొట్టం. ముఖ్యమైన కారణం ఏందంటే, నాకు పని చేసిపెట్టిన రెండో గన్‌స్మిత్, మేమందరం చాచా అని పిలుస్తం, ఆయన చేతికి ఆ స్టీలు అలవాటు.

చాచా దగ్గర నేను చూసినదాన్ని ఎన్నటికీ మర్వను. బ్లాంక్ రాంగనే కొలతలేవీ పెట్టలే, మెత్తటి సీసం ముక్కను లోపల పెట్టి రాడ్‌తోని మెల్లగ తోసుకుంట పోయిండు, కండ్లు మూసుకొని. "నువ్వు పట్టుకో బేటా" అని నా చేతికిచ్చిండు. చాంబర్ దిక్కు నుంచి ముందుకు పోతుంటె సీసం ఒక్క తీరుగ జరిగి, చివర్ల ఇంచు ఇంచుకు కొంచెం బిర్రుగ అవుతది. మధ్యల ఎక్కడన్న సర్రున జారితే ఆడ వదులున్నట్టు, అట్లాంటి బ్యారెల్ ఎంత పెద్ద పేరున్నదైనా మూతి దగ్గర మంచిగ కొట్టదని చెప్పిండు. రెండు సార్లు తోసి, బిర్రుగున్న జాగ ఎక్కడ మొదలైతదో చాక్‌పీస్‌తోని గీత పెట్టి, మూతి ఆ బిర్రు దగ్గరనే వచ్చేటట్టు కోసిండు. బ్యారెల్ పొడుగు 66 సెంటీమీటర్లు అట్ల తేలింది, ముందు నుంచి అనుకున్న నంబర్ కాదు. ఇప్పుడు చానమంది 50 సెంటీమీటర్ల దగ్గర పొట్టి బ్యారెల్ పెట్టి ముందర ఖాళీ ట్యూబ్ బిగిస్తున్నరు, తూటా జల్ది బయటికొస్తది, ఫోర్‌సైట్ (ముందటి గురి) దూరం మాత్రం అట్లనే ఉంటది, పాయింట్ టూటూకు స్పీడు గూడ 50 సెంటీమీటర్ల లోపలే అందుతది. మంచి ఆలోచనే. కాని నాకు పాత బరువు, పాత బ్యాలెన్స్ అలవాటు, మార్చలే.

ఇగ అసలు ముచ్చట చాంబర్. రఫ్‌గ చెప్తే మూడు తీర్లు. మామూలు స్పోర్టింగ్ చాంబర్ వదులుగ ఉంటది, ఏ తూటా అయినా మింగుతది, టార్గెట్‌కు పనికిరాదు. మ్యాచ్ చాంబర్ బిర్రుగ ఉండి, బోల్ట్ మూసేటప్పుడే తూటా తల రైఫ్లింగ్‌ల కొంచెం దిగుతది, అందుకే ప్రతి తూటా ఒకే లైనుల నిలబడి మొదలైతది. మూడోది బెంచ్‌రెస్ట్ వాళ్లకు తీసేది, ఇంకా బిర్రు, ఏదో ఒక తూటాకే సరిపోయేటట్టు. ఈలే కంపెనీ టెనెక్స్ తూటా తల ముందర చదునుగ ఉంటది, దానికోసమే ఈపీఎస్ అని వేరే కొలతతోని చాంబర్ తీసేటోళ్లున్నరు, లాపువా కంపెనీ తూటా తల గుండ్రంగ ఉంటది. నాకు మొదట్ల మనసంతా ఆ మూడోదాని మీదనే ఉండె, చదివిన ప్రతి దాంట్ల దాన్నే పొగిడిండ్రు. చాచా ఒక్కటే అడిగిండు, "నీకు తూటాలు ఎక్కడికెళ్లి వస్తయ్ బేటా?"

నిజమే కదా. బయటి దేశం షూటర్ టెస్ట్ సెంటర్‌కు పోయి, పది లాట్లు (ఒక్కసారి తయారైన బ్యాచ్‌లు) కొట్టి చూసి, మంచిదొక్కటి ఎంచుకొని వేల తూటాలు ఒకేసారి తీస్కుంటడు. మనకు దిగుమతిల ఏది వస్తే అదే, ఈ యేడు ఈలే, వచ్చే యేడు లాపువా, ఆ తరువాత ఆర్‌డబ్ల్యూఎస్. ఒకే తూటాకు కోసిన చాంబర్ మన చేతిల పడితే ఆ తూటా దొరకని యేడంత కూసోవాలె. అందుకని మధ్యరకం మ్యాచ్ చాంబర్ తీపిచ్చిన, తల రైఫ్లింగ్‌ల దిగుతది కాని మరీ లోపలికి పోదు. ఇంకో లాభం గూడ ఉన్నది. మరీ బిర్రు చాంబర్‌ల పేల్చని తూటాను బయటికి తీస్తే సీసం తల లోపలనే ఇరుక్కొని, మందు అంతా యాక్షన్‌ల కారిపోతది. మ్యాచ్ మధ్యల అన్‌లోడ్ అని కమాండ్ వచ్చినప్పుడు ఒక అమ్మాయికి అట్లనే అయ్యి ఏడ్వబోయింది, నేను పక్క లేన్లనే ఉన్న.

చాంబర్ సరిగ్గుందా లేదా అని చూసుకునేది మీ చేతుల్లనే ఉన్నది. రేంజ్‌లనే, రైఫిల్ మూతి టార్గెట్ దిక్కే ఉంచి, ఒక తూటా పెట్టి బోల్ట్ మూసి మళ్ల బయటికి తీసి చూడుండ్రి. తల చుట్టూ సన్నటి గీతలు ఒకే తీరుగ ఉండాలె. ఒక దిక్కు లోతుగ, ఇంకో దిక్కు అసలే లేకుంటె చాంబర్ బోర్‌తోని ఒకే లైనుల లేదన్నట్టు, ఎంత తియ్యగ మాట్లాడినా ఆ పని ఒప్పుకోకుండ్రి. నా కొత్త దాంట్ల గీతలు బ్లేడుతోని గీసినట్టు చుట్టూ సమానంగ వచ్చినయ్, ఆ తూటాను చాచా ఇప్పటికీ తన అల్మారల పెట్టుకున్నడు.

బిగించుడు గురించి రెండు మాటలు. ఈ యాక్షన్ల బ్యారెల్‌కు మరలు ఉండయ్, బిర్రుగ దూర్చి అడ్డం పిన్నులు కొడతరు. అందుకే లేత్ మిషన్ ఉంది కదా అని ఆటోనగర్‌ల ఎవరికో ఇచ్చే పని అసలే కాదు, పైగా ఆయుధ చట్టం కింద బ్యారెల్ గూడ ఆయుధంల భాగమే, లైసెన్స్ ఉన్నోళ్లే ముట్టాలె, కాయితాలు ముందు, పని తరువాత. ఫోర్‌సైట్ కూసునే గాడి సరిగ్గ పన్నెండు దిక్కున ఉన్నదా అని బిగించకముందే చూపించుకోండ్రి, ఒక్క డిగ్రీ పక్కకు పోయినా మెడ వంచి కొట్టాల్సి వస్తది. కాయితాలు, ఎదురుచూపు, పని అంతా కలిపి నాకు పదకొండు నెలలు పట్టింది. ఇది నచ్చలే, చాన కష్టమైంది, ఆ యేడు స్టేట్ మ్యాచ్‌కు క్లబ్ రైఫిల్‌తోని పోయిన.

రిజల్ట్: నాలుగు లాట్లు రెస్ట్ మీద పెట్టి కొట్టినం, ఒక్కోదానికి పది పదివి నాలుగు గ్రూపులు. మంచి లాట్ 17 మిల్లీమీటర్లు ఇచ్చింది, అన్నిట్ల చెడ్డది 24. ఒకే కంపెనీ, ఒకే డబ్బా రంగు, లాట్ నంబరే వేరు, అంత తేడా. కాబట్టి కొత్త బ్యారెల్ పెట్టి ఒక్క డబ్బా కొట్టి ఇది మంచిది, ఇది చెడ్డది అని తేల్చకుండ్రి. నా స్కోరు మొదటి నెలలనే 610 దాటింది, ఇప్పుడు 614, ఒక్కసారి 616. నిలువు గీత పోయింది. పేలని తూటా ఇప్పటిదాకా ఒక్కటి లేదు.

ఓర్పు పట్టాల్సిన సంగతొకటి, క్లీన్ చేసినంక మొదటి పది పదిహేను తూటాలు అటిటు పడతయ్. తూటా మీదుండే మైనం, కొవ్వు బోర్‌ల మళ్ల పూత లెక్క పట్టినంకనే సర్దుకుంటది. అందుకే మ్యాచ్ ముందురోజు క్లీన్ చేసుడు బంద్ చేసిన. క్లీన్ చేసేది గూడ చాంబర్ దిక్కు నుంచే, గైడ్ పెట్టి, ప్యాచ్‌తోని, చాంబర్ ముందర ఆ గాజు మసి గట్టిపడకుంట. పాత బ్యారెల్ చచ్చింది ఆడనే కాబట్టి ఇప్పుడు ఆ రెండు ఇంచుల మీదనే నా కన్ను.

ఎండాకాలం టెస్ట్ ఇంకా మిగిలింది. మన దిక్కు మే నెలల కారు డిక్కీల తూటాలు పెడితే మైనం మెత్తబడి డబ్బాకు అంటుకుంటది, గ్రూపు గూడ పెరుగుతది, పాత బ్యారెల్‌తోని రెండు సార్లు చూసిన. ఈసారి టిఫిన్ క్యారియర్లు పెట్టే థర్మోకోల్ డబ్బా కొన్న, చిట్యాల దాటేదాకా ఏసీల సీటు కింద పెట్టుకొని పోత. మే ఆఖరుకు అవే నాలుగు లాట్లు మళ్ల కొట్టి, ఆ కొలతలు ఇక్కడనే కింద రాస్త.