జీబీపీ చాన్నాళ్లు వాడాక: ప్యాచ్‌లు శుభ్రంగా, చరిత్ర చదవగలిగేలా

బరంపురం, పర్లాకిమిడి వైపు ల్యాబుల్లో ఒకే మెషీన్ మీద తెలుగూ ఒడియా రెండూ నడవాలి. అందుకే డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) ఫాంటు, కీబోర్డు ప్యాకేజీల మీద మన సొంత సవరణలు, అంటే ప్యాచ్‌లు, కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వాటిని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) మోయడానికి గిట్-బిల్డ్‌ప్యాకేజీ, అదే జీబీపీ, గట్టి పనిముట్టు. డిఫాల్టులకే వదిలేస్తే మాత్రం విసిగిస్తుంది.

ముందు డెబియన్/జీబీపీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు రాసి కమిట్ చేసేయండి: డెబియన్-బ్రాంచ్ = డెబియన్/లేటెస్ట్, అప్‌స్ట్రీమ్-బ్రాంచ్ = అప్‌స్ట్రీమ్/లేటెస్ట్, ప్రిస్టైన్-టార్ = ట్రూ. అప్‌స్ట్రీమ్ అంటే అసలు రచయితల సోర్స్; ప్రిస్టైన్-టార్ ఆ అసలు టార్‌బాల్‌ను మళ్లీ తయారుచేసుకునే సమాచారాన్ని గిట్‌లో దాస్తుంది. ఈ ఫైలు లేదంటే జీబీపీ మాస్టర్ అనే బ్రాంచ్ కోసం వెతుక్కుంటుంది.

అసలు సత్తా పీక్యూలో (ప్యాచ్-క్యూ, అంటే ప్యాచ్‌ల వరస) ఉంది. 'జీబీపీ పీక్యూ ఇంపోర్ట్' కొడితే డెబియన్/ప్యాచెస్‌లోని ఒక్కో ప్యాచ్ ఒక్కో కమిట్‌గా ప్యాచ్-క్యూ/డెబియన్/లేటెస్ట్‌లోకి దిగుతుంది. అక్కడ 'గిట్ రీబేస్ -ఐ' (కమిట్లను తిరగరాసే ఆదేశం) తో కలపండి, విడగొట్టండి, వరస మార్చండి. ఆ బ్రాంచ్ విస్తరాకు లాంటిది, పనయ్యాక పారేసేదే. సర్వర్‌కు పుష్ చేయొద్దు. 'పీక్యూ ఎక్స్‌పోర్ట్ --కమిట్ --డ్రాప్' అంటే ప్యాచ్‌లు ఫైళ్లుగా మారి, కమిట్ పడి, ఆ బ్రాంచ్ పోతుంది. అన్నట్టు, కాన్ఫ్‌లో పీక్యూ సెక్షన్ కింద ప్యాచ్-నంబర్స్ = ఫాల్స్ పెట్టుకోండి. వరస ఎలాగూ డెబియన్/ప్యాచెస్‌లోని సిరీస్ ఫైలులో ఉంటుంది. 0003 అన్న పేరుతో అయిదో స్థానంలో కూర్చున్న ప్యాచ్‌ను చూసి తికమకపడే పని తప్పుతుంది.

కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటే: అప్‌స్ట్రీమ్ ఫైలును నేరుగా డెబియన్/లేటెస్ట్‌లోనే దిద్దడం. బిల్డ్ కొట్టగానే డీపీకేజీ-సోర్స్ (సోర్స్ ప్యాకేజీ కట్టే పనిముట్టు) 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ అప్‌స్ట్రీమ్ ఛేంజెస్' అని ఆగిపోతుంది. డెబియన్/ లోపల మీరు చేర్చే ఫాంట్‌కాన్ఫిగ్ (ఏ ఫాంటు వాడాలో తేల్చేది) రూల్‌కు ప్యాచ్ అక్కర్లేదు. దాని బయట ఒక్క లైను మార్చినా ప్యాచే.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు వరస తప్పకూడదు. ముందు పీక్యూ ఇంపోర్ట్, తర్వాత 'ఇంపోర్ట్-ఒరిగ్ --యూస్కాన్' (కొత్త సోర్స్‌ను వెతికి దించి గిట్‌లో చేర్చేది), ఆపైన 'పీక్యూ రీబేస్' (ప్యాచ్‌లను దాని మీదికి మార్చేది). వరస తారుమారై పాత ప్యాచ్‌లు కొత్త సోర్స్‌కు అతకకపోతే, 'పీక్యూ ఇంపోర్ట్ --టైమ్-మెషీన్=10' వాడండి. అవి అతికే చోటు కోసం పది కమిట్లదాకా వెనక్కి వెతుకుతుంది, దొరికాక రీబేస్.

ఛేంజ్‌లాగ్‌ను (మార్పుల చిట్టా) ప్రతి కమిట్‌లోనూ ముట్టుకోకండి, చెర్రీ-పిక్ చేసిన (ఒక కమిట్‌ను ఇంకో బ్రాంచ్‌లోకి తెచ్చుకున్న) ప్రతిసారీ కాన్‌ఫ్లిక్టే. రిలీజ్ నాడు 'జీబీపీ డీసీహెచ్ --రిలీజ్' చాలు, కమిట్ సందేశాల నుంచి ఛేంజ్‌లాగ్‌ను అదే రాస్తుంది. అందులోకి రాకూడని చిల్లర కమిట్ సందేశంలో 'జీబీపీ-డీసీహెచ్: ఇగ్నోర్' అని ఒక లైను రాయండి.

కాలవైశాఖి (వేసవి ఉరుముల గాలివాన) గాలికి ఇంపోర్ట్ మధ్యలో కరెంటు పోయిందనుకోండి. రోల్‌బ్యాక్ (విఫలమైతే వెనక్కి తిప్పడం) డిఫాల్టుగా ఉన్నా, ప్రాసెసే చచ్చిపోయాక ఎవరు నడుపుతారు? ఇంపోర్ట్‌కు ముందే పుష్ చేసి ఉంటే భయం లేదు. 'గిట్ ట్యాగ్ -డీ' తో సగంలో పడిన అప్‌స్ట్రీమ్ ట్యాగ్ తీసేయండి. అప్‌స్ట్రీమ్/లేటెస్ట్, ప్రిస్టైన్-టార్ రెండింటినీ 'గిట్ బ్రాంచ్ -ఎఫ్' తో ఆరిజిన్ (సర్వర్ కాపీ) దగ్గరికి లాగండి. ట్యాగ్ కనబడకపోతే పేరు సరిచూసుకోండి: వెర్షన్ 2.1~ఆర్‌సీ1 అయితే ట్యాగ్‌లో అది 2.1_ఆర్‌సీ1 అవుతుంది.