స్పిట్‌ఫైర్ కాలుకు పదిహేడు వారాల వైద్యం

కిందటి నవంబరులో నా దగ్గరున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు ల్యాండింగ్ గేర్ కాలొకటి, దాని ఐదు ఆకుల చక్రంతో సహా, ఇంగ్లండ్ మధ్యప్రాంతంలోని ఒక చిన్న వర్క్‌షాపుకు పునరుద్ధరణ కోసం అప్పగించాను. పది వారాలన్నారు, పదిహేడు పట్టింది. 1,180 పౌండ్లన్నారు, చివరికి 1,340 అయింది. ఇంత జరిగినా మరో భాగం చేతికొస్తే మళ్లీ అక్కడికే తీసుకువెళతాను. ఎందుకో చెప్పడానికే ఈ సమీక్ష. అది ఇద్దరు మనుషులు నడుపుకునే వర్క్‌షాపు, పైగా నా ఫిర్యాదులు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఇటువంటి పనివాళ్ల కోసం వెతికేవారికి పేరుకన్నా వాళ్ల పనితీరు తెలియడమే ఎక్కువ అక్కరకొస్తుంది.

ముందుగా ఆ కాలు నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే వర్క్‌షాపువారు చేసిన అతి విలువైన పని ఆ కథతో ముడిపడి ఉంది. నేను సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్‌కు నిజాం చేసిన ఆర్థిక సహాయానికి గుర్తుగా ‘హైదరాబాద్’ అన్న పేరుండేదని, దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుందని, 1940లో బ్రిటన్ గగనతల పోరాటం జరిగిన నెలల్లో ఆ స్క్వాడ్రన్ డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ స్థావరం నుంచి స్పిట్‌ఫైర్లు నడిపిందని తెలిసిన రోజునుంచే నాకీ విమానపు భాగాల మీద మోజు పుట్టింది. పాత విమాన సామగ్రి అమ్మే సంతలను ఇక్కడ ఏరోజంబుల్ అంటారు. అలాంటి సంతలో ఒక అమ్మకందారు ఈ కాలుకు ‘152 స్క్వాడ్రన్’ అని రాసిన అట్టముక్క దారంతో కట్టి, ఆ అట్టముక్కకు కూడా కలిపి ధర చెప్పాడు. నా ముఖం చూసి కట్టాడేమోనన్న అనుమానం అప్పుడే కలిగింది, అయినా కొన్నాను.

ఈ కాలు గురించి తెలియనివారికి రెండు మాటలు. స్పిట్‌ఫైర్ కాళ్లు రెక్క మొదట్లో, విమానం ఒంటికి దగ్గరగా అమర్చి ఉంటాయి, పైకి ఎత్తినప్పుడు రెక్క కొసలవైపు మడుచుకుంటాయి. అందువల్ల నేలమీద రెండు చక్రాల మధ్య దూరం తక్కువ. కాళ్లు లోపలివైపు మడిచే హరికేన్ అనే మరో బ్రిటిష్ యుద్ధవిమానం నేలమీద నిలకడగా ఉంటే, స్పిట్‌ఫైర్ అడ్డగాలిలో పైలట్‌ను ఇబ్బందిపెట్టేది. కాళ్లు పూర్తిగా దిగాయని తెలియడానికి రెక్కల పైభాగం నుంచి చిన్న కడ్డీలు పైకి పొడుచుకువచ్చేవి. తొలి రకాల్లో కాళ్లు ఎత్తడానికి చేతిపంపు కొట్టాలి. పైలట్ కుడిచేత్తో పంపు కొడుతుంటే ఎడమచేతిలోని కంట్రోల్ స్తంభం కూడా ఊగేది, దానితో అప్పుడే నేల విడిచిన విమానం తిమింగలంలా పైకీ కిందికీ మునకలేసేదని చెబుతారు. ఇక కాలు లోపల ఉండేది ఓలియో, అంటే గాలి, నూనె కలిసి పనిచేసే ధక్కా తట్టుకునే సాధనం. చక్రం నేలను తాకగానే లోపలి గొట్టం పైకి జారుతుంది, నూనె సన్నని రంధ్రం గుండా దూరి ఆ తాకిడి శక్తిని వేడిగా మార్చుకుంటుంది, పైనున్న గాలి నొక్కుకుపోయి స్ప్రింగులా పనిచేస్తుంది.

మొదటి రోజు వర్క్‌షాపులో చూసిన దృశ్యం చెబితే వాళ్ల పద్ధతి అర్థమవుతుంది. నేను కాలును బల్లమీద పెట్టగానే ఇద్దరిలో పెద్దాయన నన్ను వెనక్కి జరగమన్నారు. ఎనభై ఏళ్లు దాటినా కొన్ని ఓలియోలలో పీడనం ఇంకా మిగిలే ఉంటుందని, అలాంటి కాలును పైమూత తిప్పి విప్పబోతే ఆ మూత తుపాకీగుండులా వస్తుందని చెప్పి, కాలును వైస్‌లో బిగించి, ముఖానికి కవచం పెట్టుకుని, ముందుగా గాలి వాల్వును వెంట్రుకవాసి చొప్పున వదులు చేశారు. బుస్సుమన్న శబ్దం దాదాపు అరనిమిషం వినబడింది. రెండు నెలలుగా అదే కాలును నేను మా వంటింటి గచ్చుమీద పెట్టుకుని రెంచితో కుస్తీపట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చి వెన్ను చల్లబడింది. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవారు ఈ సమీక్షలో మిగతాదంతా మరిచిపోయినా సరే, ఈ వాల్వు సంగతి మాత్రం మరవవద్దు.

తరువాత ఇరుసు వంతు. తుప్పు వదిలించడానికి దాన్ని నేను మూడు రోజులు వెనిగర్‌లో నానబెట్టాను. అది చూసి ఆయన కోప్పడలేదు, “మీరొక్కరే కాదులెండి, సగంమంది ఇదే చేసి తెస్తారు” అన్నారు. ఆమ్లం తుప్పునే కాదు, దాని కింద ఉన్న మంచి లోహాన్ని కూడా తింటుంది. ఇరుసు మీదున్న తనిఖీ ముద్రలు రెండు దాదాపు చెరిగిపోయాయి. అంతకన్నా లోతైన ప్రమాదం కంటికి కనిపించనిది. ల్యాండింగ్ గేర్‌లో వాడే అధికబలపు ఉక్కు ఆమ్లంలో మునిగినప్పుడో, విద్యుత్ పూత తొట్టెలో ఉన్నప్పుడో హైడ్రోజన్‌ను లోపలికి పీల్చుకుని పెళుసుబారుతుంది, ఆపైన బరువు పడిన కొన్ని గంటలకో, రోజులకో ఏ సూచనా లేకుండా పగులుతుంది. అందుకే ఎగిరే విమానాల భాగాలకు కాడ్మియం పూత వేసిన వెంటనే సుమారు 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాల్చి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొడతారు. నా కాలు అలమారా పక్కన నిలబడేదే తప్ప ఎగిరేది కాదు కాబట్టి ప్రమాదమేమీ లేదు, అయినా ‘ఇరుసు ఆమ్లంలో నానినది’ అని నివేదికలో రాసిపెట్టారు. రేపు ఇది ఎవరి చేతికి పోతుందో, వాళ్లు దేనికి బిగించబోతారో మనకెలా తెలుస్తుందన్నది వాళ్ల వాదన. మరమ్మతు చేసేవాడు కొన్నవాడి పొరపాటును కాగితం మీద రాసిపెట్టడం నేను మొదటిసారి చూశాను, కొంచెం చిన్నబోయినా ఆ పని నాకు నచ్చింది.

చక్రం పని ఇంకా సున్నితం. ఆ కాలపు చక్రాలు చాలావరకు మేగ్నీషియం మిశ్రమలోహంతో పోతపోసినవి. తేలికే కానీ తేమ తగిలితే తెల్లని పొడిగా రాలిపోతాయి, ఉక్కు బోల్టు ఆనుకున్న చోట ఆ తినివేత రెట్టింపవుతుంది. గ్రైండర్ పెడితే వచ్చే పొడి అంటుకుంటుంది, అంటుకున్నాక నీళ్లు పోస్తే మరింత భగ్గుమంటుంది. వాళ్లు చేత్తోనే, కొద్దికొద్దిగా గోకి శుభ్రం చేశారు. ఐదు ఆకుల్లో ఒకదాని మొదట్లో వేలిగోరంత గుంట మిగిలింది. పుట్టీ పెట్టి కప్పేయమని నేను అడిగాను, వాళ్లు ఒప్పుకోలేదు. పగుళ్లలోకి రంగుద్రవం ఇంకించి చూసే పరీక్షలో ఆ గుంటనుంచి పక్కకు పాకిన సన్నని పగులు కూడా బయటపడిందని, పుట్టీ పెడితే దాన్ని దాచినట్టవుతుందని చెప్పి, తేమ చేరకుండా మైనం లాంటి పూత మాత్రం వేశారు. మొదట్లో ఆ గుంట కంటికి నలుసులా ఉండేది, ఇప్పుడు వచ్చినవాళ్లకు నేనే వేలుపెట్టి చూపిస్తున్నాను.

సీళ్ల దగ్గర, అంటే నూనె కారకుండా ఆపే రబ్బరు వలయాల దగ్గర, నాకొక చిన్న పాఠం దొరికింది. పాత రోజుల్లో ఆముదం ఆధారంగా చేసిన హైడ్రాలిక్ ద్రవాలుండేవి, వాటికి సహజ రబ్బరు సీళ్లు సరిపోయేవి. ఇప్పుడు దొరికే ఎర్రని ఖనిజనూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. నా కాలులోని పాత సీళ్లు ఎండి బెరడులా ఊడివచ్చాయి. కొత్తవి నైట్రైల్ రబ్బరుతో కోయించి, కాలు తుప్పుపట్టకుండా లోపల పలుచగా నూనె పూసి, గాలి మాత్రం నింపకుండా వదిలేశారు. కాలు పూర్తిగా చాచి నిలబడడానికి లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం దూర్చారు. చూడడానికి తేడా తెలియదు, తాకితే ప్రమాదం లేదు. ఈ నూనె, సీళ్లు, నునుపుగా చెక్కిన గొట్టాల బాధే వద్దనుకుని మస్కిటో విమానపు రూపకర్తలు దాని కాళ్లలో రబ్బరు దిమ్మెలను ఒకదానిమీద ఒకటి పేర్చి పని కానిచ్చారు. ఇంత సున్నితమైన గొట్టాలను యుద్ధకాలపు కార్ఖానాలు వేలల్లో ఎలా చెక్కాయా అని ఈ కాలు విప్పినప్పుడు నాకు అనిపించింది, మస్కిటోవారి తెలివి కూడా అప్పుడే అర్థమైంది.

ఇక 152 సంగతి. పైనున్న నల్ల ఎనామిల్ ఎవరో గ్యారేజీలో పూసినది. దాన్ని మొత్తం గీకేయకుండా ఒకచోట రూపాయి బిళ్లంత మేర వలయాలుగా అరగదీసి, కింద వెండిరంగు, దాని కింద బూడిదరంగు ఉన్నట్టు చూపించాక, నల్లదాన్ని మాత్రం తీసి వెండిరంగు పొరను ఉన్నది ఉన్నట్టు, గీతలతో సహా నిలిపారు. ఆ పొర కింద 300తో మొదలయ్యే భాగసంఖ్య బయటపడింది. స్పిట్‌ఫైర్‌ను రూపొందించిన సూపర్‌మెరీన్‌వారి డ్రాయింగుల్లో అసలు స్పిట్‌ఫైర్ రకం సంఖ్య 300. కనుక ఇది స్పిట్‌ఫైర్‌దే అన్నంతవరకు సందేహం లేదు. ఏ స్క్వాడ్రన్‌ది అన్నదానికి మాత్రం వాళ్లు నాలుగు వాక్యాల్లో నీళ్లు చల్లారు: కాలు మీది ముద్రలు తయారీని, తనిఖీని తెలుపుతాయి తప్ప విమానాన్ని కాదు, సేవలో ఉన్నప్పుడు కాళ్లు ఒక విమానం నుంచి మరో విమానానికి మారుతుండేవి, తేదీ ఉన్న మరమ్మతు కాగితమో, విమానపు సంఖ్యతో కూడిన చీటీయో తోడు లేకపోతే స్క్వాడ్రన్ పేరు చెప్పడానికి ఆధారం లేదు, అట్టముక్క ఆధారం కాదు. ఆ అట్టముక్కను మాత్రం పారేయకుండా కవరులో పెట్టి, ‘అమ్మకందారు చెప్పినది, నిర్ధారణ కాలేదు’ అని రాసి తిరిగిచ్చారు. నేను వినాలని ఆశపడిన మాట చెప్పి ఇంకో రెండొందలు అడిగినా ఇచ్చేవాణ్ణే. అది వాళ్లకూ తెలుసు.

ఫిర్యాదులకు వస్తే, ఆలస్యం కన్నా ఆలస్యం గురించి చెప్పకపోవడం ఎక్కువ బాధించింది. పదకొండో వారం నుంచి పదిహేనో వారం వరకు నా మూడు ఉత్తరాలకు జవాబు లేదు. తరువాత సీళ్లు కోసే మనిషి అనారోగ్యం పాలయ్యాడని తెలిసింది, ఆ ఒక్క ముక్క ముందే రాస్తే సరిపోయేది. అదనంగా పడిన 160 పౌండ్లలో టైరు మరమ్మతు కూడా ఉంది, దానికి నన్ను అడగలేదు. పగుళ్లిచ్చిన టైరులో నురుగు నింపి గుండ్రంగా నిలబెట్టిన పని బాగానే ఉన్నా, అడిగి చేయవలసినది. పెట్టెలో సర్దడం మరీ నాసిరకం: ఇరుసు కొస చెక్కను పొడుచుకుని బయటకు కనబడుతూ మా గుమ్మానికి చేరింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు, ఈసారి నేనే కారులో తెచ్చుకుంటాను.

ఎగిరే విమానానికి భాగాలు కావలసినవారికి ఇది చోటు కాదు, ఆ మాట వాళ్లే ముందుగా చెబుతారు. దానికి అధికారిక ఆమోదం, విడుదల పత్రం ఇవ్వగల సంస్థలు వేరే ఉన్నాయి, వాటి ధరలూ వేరు. అద్దంలా మెరిసే క్రోము పూత పూయించుకుని బల్లకాలుగా వాడుకోవాలనుకునేవారూ వెళ్లవద్దు, తిప్పి పంపిస్తారు. మరొక విషయం: భాగం ఎక్కడినుంచి వచ్చిందో వీళ్లు తప్పకుండా అడుగుతారు. బ్రిటన్‌లో సైనిక సేవలో ఉండగా కూలిన విమానాల శిథిలాలకు 1986 నాటి చట్టం రక్షణ ఇస్తోంది, రక్షణశాఖ అనుమతి లేకుండా తవ్వి తీయడం నేరం. మట్టి అంటిన భాగమేదైనా తెస్తే అనుమతి కాగితం చూపమంటారు. నేను ఉన్నప్పుడే ఒకరిని అలా వెనక్కి పంపారు.

నా దగ్గర ఇంకా ఒక వెనుకచక్రపు ఫోర్కు ఉంది, దానికి ఏ కథా, ఏ అట్టముక్కా లేదు. ఫోను చేస్తే ఆగస్టు దాటేదాకా ఖాళీ లేదన్నారు, ఈలోగా దాన్ని వెనిగర్‌కు దూరంగా ఉంచమన్నారు.